అమెరికాలో ఎమర్జెన్సీ మెడిసిన్ బోర్డ్: తెచ్చుకోవడం ఎలా, నిలబెట్టుకోవడం ఎలా

నైట్ షిఫ్ట్ ముగించుకుని ఇంటికొచ్చి ఫోన్ తీస్తే, వారానికి ఒకటైనా ఇలాంటి మెసేజ్ కనిపిస్తుంది: “అన్నా, కాజువాలిటీలో మూడేళ్లు చేశాను. అమెరికాలో ఎమర్జెన్సీ బోర్డు పరీక్ష డైరెక్ట్‌గా రాయొచ్చా?”

రాయలేరు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇంత రాయనక్కర్లేదు. కానీ ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా ఎప్పుడూ అవే. రెసిడెన్సీ (అమెరికా ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ ట్రైనింగ్) లేకుండా వేరే దారి లేదా, పరీక్షలు ఎన్ని, ఒకసారి పాసైతే జీవితాంతం ఉంటుందా, ఫలానా డాక్టరు నిజంగా బోర్డ్ సర్టిఫైడో కాదో ఎలా తెలుస్తుంది. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక తగ్గిపోయి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక పేరు తెలుసుకోండి: అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్. పరీక్ష పెట్టి ఎమర్జెన్సీ స్పెషలిస్టు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఇదే. అందరూ ఏబెమ్ అంటారు. 1976లో పెట్టారు. 1979లో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించారు, 1980లో మొదటి పరీక్ష జరిగింది. డీఓ అనే ఇంకో రకం అమెరికా డాక్టరు డిగ్రీ ఉన్నవాళ్ల కోసం ఆస్టియోపతిక్ బోర్డు ఒకటి విడిగా ఉంది. మన ఎంబీబీఎస్ వాళ్లకు పని పడేది ఏబెమ్‌తోనే.

లైసెన్సు వేరు, బోర్డు వేరు. లైసెన్సు రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది, అది లేకుండా రోగిని ముట్టుకోకూడదు. బోర్డు సర్టిఫికెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు. అయితే ఏ ఆసుపత్రిలో పని చేయాలన్నా అక్కడి కమిటీ మీకు ప్రివిలేజెస్, అంటే అక్కడ వైద్యం చేసే అనుమతి, ఇవ్వాలి. ఆ ఫారంలో మొదట అడిగే వాటిలో బోర్డు ఒకటి. పెద్ద ఊళ్లలో అది లేకుండా ఎమర్జెన్సీ ఉద్యోగం దొరకడం కష్టం.

చేతిలో ఉండాల్సినవి

- ఎంబీబీఎస్ డిగ్రీ, హౌస్ సర్జన్సీ పూర్తయిన కాగితాలు, మార్కుల ట్రాన్స్‌క్రిప్టు
- ఈసీఎఫ్‌ఎంజీ (విదేశాల్లో చదివిన డాక్టర్ల అర్హత చూసే అమెరికా సంస్థ) సర్టిఫికెట్
- ఏసీజీఎంఈ (అమెరికాలో రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీ, మొదటి నుంచి చివరిదాకా
- ఏ ఆంక్షలూ లేని పూర్తి స్థాయి మెడికల్ లైసెన్సు
- రాత పరీక్షలో పాస్, ఆ తర్వాత ముఖాముఖి పరీక్షలో పాస్
- అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్న పేరు. దీని మీద కింద చాలాసేపు మాట్లాడతాను, విసుక్కోకండి.

1. ఏది లెక్కకు వస్తుంది, ఏది రాదు

ఒకప్పుడు రెసిడెన్సీ లేకపోయినా, ఎమర్జెన్సీలో తగినన్ని గంటలు పనిచేసిన అనుభవం చూపించి పరీక్ష రాసే దారి ఉండేది. స్పెషాలిటీ కొత్తది, రెసిడెన్సీలు తక్కువ కాబట్టి అలా పెట్టారు. ఆ తలుపు 1988లో మూసేశారు. దాని మీద కొందరు డాక్టర్లు 1990లో కోర్టుకెక్కారు. కేసు పదిహేనేళ్లు నడిచి 2005లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. కాబట్టి “అనుభవం చూపిస్తే చాలట” అని ఎవరైనా చెబితే, ఆ మాట ముప్పై ఐదేళ్లకు పైగా పాతది.

ఇవేవీ ఏబెమ్ పరీక్షకు అర్హత ఇవ్వవు:

ఇండియాలో చేసిన ఎండీ ఎమర్జెన్సీ మెడిసిన్ గానీ డీఎన్‌బీ గానీ. ఎండీని 2009లో మన మెడికల్ కౌన్సిల్ గుర్తించింది. మంచి డిగ్రీ, మన దేశంలో దాని విలువ దానికుంది. బ్రిటన్ వాళ్ల ఎంఆర్‌సీఈఎం కూడా అంతే, బ్రిటన్‌కు పనికొస్తుంది, ఇక్కడికి కాదు.

అమెరికా యూనివర్సిటీ పేరుతో మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో నడిచే మాస్టర్స్ కోర్సులు. అసలు పప్పులో కాలేసేది ఇక్కడే. సర్టిఫికెట్ మీద అమెరికా పేరు ఉంటుంది, వచ్చి పాఠం చెప్పేది అమెరికా డాక్టర్లే, చేతి పని కూడా బాగానే నేర్పుతారు. కానీ అది రెసిడెన్సీ కాదు. చేరే ముందే అడగండి: “ఇది పూర్తిచేస్తే ఏబెమ్ రాయొచ్చా?” జవాబు కాగితం మీద ఇమ్మనండి. ఎవరూ ఇవ్వరు.

అమెరికాలోనే ఇంటర్నల్ మెడిసిన్ లేదా ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ చేసి, పల్లె ఆసుపత్రి ఈఆర్‌లో (ఎమర్జెన్సీ విభాగంలో) పదేళ్లు పనిచేసినా ఏబెమ్‌కు అర్హత రాదు. ఆ ఉద్యోగం చేయొచ్చు, చాలామంది బాగా చేస్తున్నారు. బోర్డు మాత్రం వాళ్ల సొంత స్పెషాలిటీదే.

2. ఈసీఎఫ్‌ఎంజీ పూర్తిచేయండి

విదేశాల్లో చదివిన ఎవరికైనా రెసిడెన్సీకి ఇది గేటు పాసు. అమెరికా మెడికల్ లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో స్టెప్ 1, స్టెప్ 2 సీకే పాసవ్వాలి. ఇంగ్లిష్ కోసం ఓఈటీ మెడిసిన్ రాయాలి. ఒకప్పుడు ఉన్న క్లినికల్ స్కిల్స్ పరీక్షను 2021లో తీసేసి, దాని స్థానంలో పాత్‌వేస్ అని పెట్టారు. మీ పరిస్థితికి ఏ పాత్‌వే సరిపోతుందో చూసుకుని దరఖాస్తు చేయాలి.

స్టెప్ 1కు 2022 జనవరి నుంచి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్ అంతే. అందువల్ల బరువంతా స్టెప్ 2 సీకే మీద పడింది. స్టెప్ 1 పాసయ్యాం కదా అని రిలాక్సయి, రెండోదాన్ని హడావిడిగా రాసినవాళ్లు తర్వాత ఇంటర్వ్యూ కాల్స్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. పరీక్షలన్నీ ఏడేళ్లలోపు పూర్తికావాలన్న నియమం కూడా ఉంది. మధ్యలో పీజీ ఎంట్రన్స్ రాద్దాం, పెళ్లయ్యాక చూద్దాం అనుకునేవాళ్లు ఈ లెక్క వేసుకోండి.

కాలేజీ గుర్తింపు గురించి అడుగుతుంటారు. మన నేషనల్ మెడికల్ కమిషన్‌కు 2023లో ప్రపంచ వైద్యవిద్యా సమాఖ్య పదేళ్లకు గుర్తింపు ఇచ్చింది. కాబట్టి ఆంధ్ర, తెలంగాణ గుర్తింపు కాలేజీల వాళ్లకు ఆ టెన్షన్ ప్రస్తుతానికి లేదు.

టెన్షన్ పడాల్సింది కాలేజీ ఆఫీసు దగ్గర. డిగ్రీ నిజమైనదేనని కాలేజీ ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. నా విషయంలో ఆ మెయిల్ ఏడు వారాలు ఎవరూ తెరవలేదు. చివరికి మా నాన్న వెళ్లి, సంతకం పెట్టాల్సిన సార్ లంచ్ నుంచి వచ్చేదాకా వరండాలో కూర్చుంటే పని అయింది. హౌస్ సర్జన్సీలో ఉండగానే వెళ్లి, ఆ పని చూసేది ఎవరో కనుక్కుని, ఫోన్ నంబరు తీసుకోండి.

పేరు సంగతి

మన పేర్లు అమెరికా ఫారాల్లో పట్టవు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు మొదటి అక్షరంగా ముందుంటుంది, డిగ్రీలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలోకి వెళ్లిపోతుంది లేదా మొత్తం పేరు ఒకే గడిలో పడుతుంది. ఒకే గడిలో పడితే అమెరికా వీసాలో రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు, అంటే మొదటి పేరు తెలియదని. ఆ ఎఫ్‌ఎన్‌యూ డ్రైవింగ్ లైసెన్సులోకి, జీతం చెక్కులోకి, ఆసుపత్రి బ్యాడ్జిలోకి కూడా వచ్చేస్తుంది. తోటి రెసిడెంట్లు అదే మీ పేరనుకుని పిలుస్తారు. నవ్వొచ్చే సంగతే గానీ, పరీక్షా కేంద్రంలో ఐడీ మీద పేరు, రిజిస్ట్రేషన్‌లో పేరు కలవకపోతే లోపలికి పంపరు, కట్టిన ఫీజు కూడా పోవచ్చు.

ఏం చేయాలంటే, మొదటి యూఎస్‌ఎంఎల్‌ఈ దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. రెండు గడుల్లోనూ పేరు ఉండేలా చూడండి. ఆ తర్వాత ప్రతిచోటా పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనుకునేవాళ్లు పరీక్షకు, పరీక్షకు మధ్య మార్చకండి.

3. రెసిడెన్సీ సీటు

కష్టమంతా ఈ మెట్టు దగ్గరే. మిగిలినవి దీనితో పోలిస్తే క్యాలెండర్ చూసుకుంటూ చేసే పనులు.

ఎమర్జెన్సీ మెడిసిన్‌కు మామూలు సిఫారసు లేఖ సరిపోదు. స్లో అనే ప్రత్యేక నమూనా లేఖ అడుగుతారు. మీరు పనిచేసిన ఎమర్జెన్సీ విభాగం వాళ్లు ఒక ఫారంలో మిమ్మల్ని ఇతర విద్యార్థులతో పోల్చి, ఏ వరుసలో ఉంటారో రాస్తారు. మా ప్రొఫెసర్ గారు రాసిచ్చిన రెండు పేజీల ప్రశంస కన్నా ఈ ఒక్క ఫారంకే విలువ ఎక్కువ. అది రావాలంటే రెసిడెన్సీ ఉన్న అమెరికా ఆసుపత్రిలో చేతులతో పనిచేసే రొటేషన్ కావాలి. పక్కన నిలబడి చూసే అబ్జర్వర్‌షిప్‌కు సాధారణంగా స్లో రాయరు.

చిక్కేమిటంటే చేతులతో పనిచేసే రొటేషన్లు ఎక్కువగా విద్యార్థులకే ఇస్తారు. డిగ్రీ చేతికొచ్చాక దొరకడం చాలా కష్టం. అందుకని ఫైనలియర్‌లో ఉండగానే వెతకండి. హౌస్ సర్జన్లను కొన్ని ఆసుపత్రులు విద్యార్థులుగానే లెక్కిస్తాయి, కొన్ని ఒప్పుకోవు. అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాకే టికెట్ కొనండి.

2023లో ఈ స్పెషాలిటీలో 554 సీట్లు మొదటి విడత మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్ల కేటాయింపులో) ఖాళీగా మిగిలాయి. ఆ వార్త చూసి “ఇప్పుడు ఈజీ” అని మనవాళ్లు ఎగబడ్డారు. ఆ ఖాళీలు తర్వాతి ఏళ్లలో బాగా తగ్గిపోయాయి. ఒక్క ఏడాది అంకె చూసి స్పెషాలిటీ ఎంచుకోకండి.

దరఖాస్తుల పోర్టల్ కూడా మారింది. 2026 మ్యాచ్ నుంచి ఎమర్జెన్సీ మెడిసిన్ దరఖాస్తులు పాత ఈరాస్‌లో కాకుండా రెసిడెన్సీకాస్ అనే దాంట్లో వేయాలి. వెనకాల ఇంకో స్పెషాలిటీకి కూడా వేసేవాళ్లు రెండు పోర్టళ్లూ నింపాల్సి వస్తుంది. ఫలితం మార్చి మూడో వారంలో వస్తుంది. సోమవారం సీటు వచ్చిందో లేదో, శుక్రవారం ఎక్కడో తెలుస్తుంది.

వీసా విషయం ముందే తేల్చుకోండి. జే-1 అయితే ట్రైనింగ్ తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, లేదా డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేసే వెయివర్ (ఆ రెండేళ్ల నుంచి మినహాయింపు) ఉద్యోగం దొరకాలి. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 వెయివర్లు. హెచ్-1బీ కావాలంటే యూఎస్‌ఎంఎల్‌ఈ చివరి పరీక్ష స్టెప్ 3 ముందే పాసై ఉండాలి, ప్రోగ్రామ్ ఒప్పుకోవాలి. ఇది బోర్డు పరీక్షను ఎలా తాకుతుందో 5వ మెట్టులో చెబుతాను.

*సీటు రాకపోతే:* పీడియాట్రిక్స్ రెసిడెన్సీ చేసి, ఆపైన మూడేళ్ల పీడియాట్రిక్ ఎమర్జెన్సీ ఫెలోషిప్ చేస్తే పిల్లల ఎమర్జెన్సీలో నిజమైన బోర్డు సర్టిఫికెట్ వస్తుంది. ఇది పీడియాట్రిక్స్ బోర్డు ద్వారా వచ్చే దారి. ఎమర్జెన్సీలోనే బతకాలని ఉండి, పిల్లలతో ఓపిక ఉన్నవాళ్లకు మంచి మార్గం, మనవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు. ఇంటర్నల్ మెడిసిన్ నుంచి క్రిటికల్ కేర్ ఇంకొకటి.

4. రెసిడెన్సీలో ఉన్నప్పుడు చేయాల్సిన రెండు పనులు

రెసిడెన్సీ మూడేళ్లది, నాలుగేళ్లది రెండూ ఉన్నాయి. బోర్డుకు రెండూ ఒకటే.

మొదటి పని, చేసిన ప్రతి ప్రొసీజర్‌ను ఆ షిఫ్ట్ అయ్యేలోపు లాగ్ చేయడం. ఏసీజీఎంఈ కనీస సంఖ్యలు పెట్టింది: ఇంట్యూబేషన్లు 35, సెంట్రల్ లైన్లు 20, ఛెస్ట్ ట్యూబులు 10, లంబార్ పంక్చర్లు 15, కాన్పులు 10, క్రైకోథైరాటమీ 3. క్రైకో లాంటి అరుదైనవి సిమ్యులేషన్ బొమ్మ మీద చేసినా లెక్కకొస్తాయి. హౌస్ సర్జన్సీలో ఒక్క నైట్ డ్యూటీలో నాలుగు కాన్పులు చూసినవాళ్లకు 10 అంటే నవ్వొస్తుంది. అమెరికా ఎమర్జెన్సీకి కాన్పులు రావు, పైన లేబర్ రూమ్‌కు వెళ్లిపోతాయి. ఆ నెల ప్రసూతి రొటేషన్‌లోనే పూర్తిచేసుకోండి. ఇండియాలో చేసినవి ఇందులో కలపడానికి లేదు.

రెండో పని, ఏటా ఫిబ్రవరి చివర్లో జరిగే ఇన్-ట్రైనింగ్ పరీక్షను సీరియస్‌గా రాయడం. ఇది కూడా ఏబెమ్‌దే, 225 ప్రశ్నలు. ఇందులో ఫెయిల్ అనేది లేదు కాబట్టి చాలామంది నైట్ షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చి కునుకుతూ రాస్తారు. చివరి సంవత్సరం స్కోరు తక్కువగా ఉంటే అసలు పరీక్షలోనూ ఇబ్బంది పడతారని గట్టిగానే చెప్పొచ్చు. మీ స్కోరు తోటివాళ్ల సగటు కన్నా తక్కువైతే ఆ మార్చిలోనే చదువు మొదలుపెట్టండి.

5. రాత పరీక్ష: క్వాలిఫయింగ్ ఎగ్జామ్

పియర్సన్ వియూ కేంద్రంలో, ఒక్క రోజులో, 300కు పైగా బహుళైచ్ఛిక ప్రశ్నలు. ఈసీజీలు, ఎక్స్‌రేలు, చర్మం మీద దద్దుర్ల ఫొటోలు వస్తాయి. సిలబస్ ఈఎం మోడల్ అనే పత్రంలో ఉంది. ఏబెమ్ వెబ్‌సైట్‌లో ఉచితం.

అర్హత గడువు రెసిడెన్సీ పూర్తయిన రోజు నుంచి 5 ఏళ్లు. ఈలోపు రాత, ముఖాముఖి రెండూ పాసవ్వాలి. ఈ 5 ఏళ్లు ఎవరి కోసమూ ఆగవు. జే-1 మీద రెండేళ్లు హైదరాబాద్ వచ్చి ఉన్నా, మారుమూల ఊళ్లో వెయివర్ ఉద్యోగంలో రోజుకు 12 గంటలు నలుగుతున్నా గడియారం తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ట్రైనింగ్ అయిన వెంటనే వచ్చే మొదటి పరీక్షకే కూర్చోండి. ఇల్లు మారడం, కొత్త ఉద్యోగం, అమ్మానాన్నల వీసా, అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి, తెలుసు. అయినా సరే.

ఎలా చదవాలి? రోష్ రివ్యూ, పీర్ లాంటి ప్రశ్నల బ్యాంకుల్లో ఏదో ఒకటి ఎంచుకుని పూర్తిగా, రెండుసార్లు చేయండి. మూడు కొని మూడింటినీ సగంలో వదిలేసినవాళ్లే ఎక్కువ. తప్పు చేసిన ప్రశ్నలకు ఒక నోట్‌బుక్ పెట్టుకుని, జవాబు కాకుండా ఎందుకు తప్పారో ఒక్క లైను రాయండి. నా నోట్‌బుక్‌లో సగం లైన్లు “ప్రశ్న చివరి వాక్యం చదవలేదు” అనే.

మనవాళ్లకు దెబ్బ తగిలే చోటు ఇంకొకటి ఉంది, ప్రజారోగ్యం, చట్టం. ఎంటాలా అనే 1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన ఎవరినైనా డబ్బు అడగకుండా పరీక్షించి నిలకడ చేయాలి. రోగిని వేరే ఆసుపత్రికి పంపాలంటే ఏం రాయాలి, చికిత్స వద్దనే హక్కు ఎవరికుంది, ఇలాంటివి మన ఎంబీబీఎస్‌లో ఉండవు. రెండు రోజులు వాటికి కేటాయించండి, సులువుగా వచ్చే మార్కులు.

హెచ్చరిక: పరీక్ష రాసి వచ్చినవాళ్లు గుర్తుపెట్టుకుని రాసిన ప్రశ్నలు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ఎంసెట్ రోజుల నుంచి పాత పేపర్లు చదవడం మనకు అలవాటు, అందులో తప్పేముందనిపిస్తుంది. ఇక్కడ అది మోసం కింద లెక్క. పంచినా, వాడినా సర్టిఫికెట్ రద్దు చేయొచ్చు. యూఎస్‌ఎంఎల్‌ఈలో 2024లో నేపాల్‌తో సంబంధం ఉన్న వందలమంది స్కోర్లు చెల్లవని ప్రకటించారు. అలాంటి గ్రూపులో ఎవరైనా చేర్చినా వెంటనే బయటికి రండి.

6. ముఖాముఖి: సర్టిఫయింగ్ ఎగ్జామ్

ఏళ్ల తరబడి దీన్ని ఓరల్స్ అనేవాళ్లు, చికాగో హోటల్లో గది గదికీ తిరుగుతూ ఇచ్చేవాళ్లు. 2020 డిసెంబరు నుంచి వీడియోలోకి మారింది. 2026 నుంచి కొత్త పరీక్ష, మళ్లీ స్వయంగా వెళ్లాలి, నార్త్ కరొలైనాలోని రాలీ నగరానికి. ఇప్పుడు కేసు ఎలా నడిపారన్నదే కాకుండా రోగితో, బంధువులతో ఎలా మాట్లాడారు, ప్రొసీజర్ ఎలా చేశారు అన్నవి కూడా చూస్తారు. కాబట్టి పాత ఓరల్స్ పుస్తకాలు మాత్రమే చదివి వెళ్లకండి.

నా దగ్గర ప్రాక్టీసు చేసిన ఒక జూనియర్ సంగతి చెబుతాను. కేసు: 58 ఏళ్లాయన, ఛాతీనొప్పి, వీపులోకి చీల్చుకుపోతోంది. ఈసీజీలో పెద్ద మార్పు లేదు. జూనియర్ గబగబా ఆస్పిరిన్, హెపారిన్ అన్నాడు. రెండు చేతుల్లోనూ బీపీ చూస్తావా అని నేను అడగను, పరీక్షలో ఎవరూ అడగరు. నువ్వు అడిగితేనే కుడిచేతిలో 180, ఎడమచేతిలో 130 అని చెబుతారు. ఆ తేడా గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం (అయోర్టా) చీలిందనడానికి గుర్తు, అక్కడ హెపారిన్ ప్రమాదం. బయటికి తెలివైన కుర్రాడు, మనసులో ఆ ఆలోచన వచ్చిందట కూడా, కానీ నోటితో అనలేదు. నోటితో అననిది చేయనట్టే లెక్క.

ఇంట్లో ఇలా ప్రాక్టీసు చేయండి. ఎదురుగా ఒకరిని కూర్చోబెట్టుకుని పైకి మాట్లాడండి. ప్రతి కేసులోనూ అలర్జీలు అడగండి, పిల్లలు కనే వయసు స్త్రీ అయితే గర్భ పరీక్ష అడగండి, ఏ మందు ఇచ్చినా తర్వాత “ఇప్పుడు ఎలా ఉన్నారు, వైటల్స్ మళ్లీ చూడండి” అనండి. ఈ చివరిది మరిచిపోయేవాళ్లు చాలామంది.

మందుల పేర్లు కూడా మార్చుకోవాలి. రెసిడెన్సీలో నాలుక తిరిగినా, కంగారులో పాత పేర్లే వస్తాయి. పారాసిటమాల్ ఇక్కడ అసిటమినోఫెన్, అడ్రినలిన్ ఇక్కడ ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ ఇక్కడ ఆల్బ్యుటెరాల్, లిగ్నోకైన్ ఇక్కడ లిడోకైన్.

ఇంకొకటి, మరణవార్త చెప్పే కేసు. తెలుగులో మనం “పోయారు” అంటాం, “ఇక లేరు” అంటాం, లేదంటే “మా ప్రయత్నం మేం చేశాం” అని ఊరుకుంటాం, బంధువులకు అర్థమైపోతుంది. ఆ అలవాటుతో ఇంగ్లిష్‌లో కూడా చుట్టూ తిరిగి చెబుతాం. ఇక్కడ నేర్పేది వేరు. కూర్చుని, మీరెవరో చెప్పి, “డైడ్” అనే మాటే వాడి, ఆపైన మౌనంగా ఉండాలి. మెత్తని మాటలు వాడితే వినేవాళ్లు ఇంకా ఆశ ఉందనుకుంటారు. నాకు ఈ ఒక్క మాట నోటికి రావడానికి చాలా నెలలు పట్టింది. అద్దం ముందు అనుకున్నాను, నిజంగానే.

7. సర్టిఫికెట్ వచ్చాక

రెండూ పాసయ్యేదాకా మీరు “బోర్డ్ ఎలిజిబుల్” మాత్రమే. రాత పరీక్ష పాసవ్వగానే లింక్డ్‌ఇన్‌లో “బోర్డ్ సర్టిఫైడ్” అని పెట్టేస్తారు, అది తప్పు, ఫిర్యాదు వెళ్తే బోర్డు దగ్గర సంజాయిషీ ఇచ్చుకోవాలి. 5 ఏళ్ల గడువు దాటిపోతే “ఎలిజిబుల్” అన్న మాట కూడా వాడకూడదు.

సర్టిఫికెట్ ఒకప్పుడు పదేళ్లకు ఇచ్చేవారు, చివర్లో కాన్‌సర్ట్ అనే పెద్ద పరీక్ష ఉండేది. దాన్ని 2022తో ఆపేశారు. ఇప్పుడు 5 ఏళ్లకు ఇస్తున్నారు. ఆ 5 ఏళ్లలో చేయాల్సినవి:

- మైఈఎంసర్ట్ మాడ్యూళ్లు 4
- మీ విభాగంలో ఏదో ఒక పనిని మెరుగుపరిచిన ప్రాజెక్టు 1
- లైసెన్సు నిలబెట్టుకోవడం, ఏటా ఫీజు కట్టడం

పాత పదేళ్ల సర్టిఫికెట్ ఉన్నవాళ్ల లెక్క వేరు. ఏబెమ్ అకౌంట్‌లో మీ పేరు మీద ఏం మిగిలుందో చూపిస్తుంది, అదే నమ్మండి.

మాడ్యూళ్లు మొత్తం ఎనిమిది అంశాల మీద ఉంటాయి, వాటిలోంచి ఎంచుకోవచ్చు: కడుపు, షాక్, తల–మెడ, నరాలు, గాయం కాని కీళ్లనొప్పులు, సామాజిక–మానసిక సమస్యలు, ఊపిరితిత్తులు–ఛాతీ, ప్రమాదాలు–రక్తస్రావం. ఇంట్లో కంప్యూటర్ ముందు, పుస్తకం తెరిచి రాయొచ్చు. మూడు ప్రయత్నాలు ఉంటాయి. పుస్తకం చూడొచ్చు గానీ మనిషిని అడగకూడదు. భార్యాభర్తలిద్దరూ ఎమర్జెన్సీ డాక్టర్లయిన ఇళ్లలో ఇది కాస్త కష్టమే, ఒకరు వేరే గదిలోకి వెళ్లండి.

ప్రతి మాడ్యూల్‌లో ఈమధ్య మారిన వైద్యం మీద కూడా ప్రశ్నలు ఉంటాయి, వాటిని కీ అడ్వాన్సెస్ అంటారు. వాటి సారాంశాలు ముందే ఇస్తారు. ఒక గంట కూర్చుని చదివి, ప్రింట్ తీసుకుని పక్కన పెట్టుకోండి. మిగతా ప్రశ్నలు రోజూ చేసే పని మీదే.

ప్రాజెక్టు అంటే భయపడకండి. ఛాతీనొప్పితో వచ్చినవాళ్లకు ఈసీజీ ఎన్ని నిమిషాల్లో తీస్తున్నారో కొలవండి, 10 నిమిషాల లక్ష్యంతో పోల్చండి, ఒక మార్పు చేయండి, మళ్లీ కొలవండి. మా దగ్గర చేసిన మార్పు ఏమిటంటే ఈసీజీ మెషీన్‌ను లోపలి గదిలోంచి ట్రయాజ్ (రోగి రాగానే మొదట చూసే చోటు) పక్కకు తోయడం. చాలా ఆసుపత్రుల్లో ఇలాంటివి ఎలాగూ నడుస్తుంటాయి. మీరు అందులో నిజంగా పాల్గొని ఉంటే చాలు, అకౌంట్‌లో నమోదు చేయండి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే ఐదో ఏడాది దాకా తెరవకపోవడం. డిసెంబరులో షిఫ్టులు, ఇండియా ట్రిప్, నాలుగు మాడ్యూళ్లు, అన్నీ కలిసి వస్తాయి. ఏడాదికొకటి చొప్పున నాలుగేళ్లు చేసి, ఐదో ఏడాదిని ఖాళీగా ఉంచుకోండి. నేను ప్రతి ఏడాదీ సంక్రాంతి వారంలో ఒకటి చేస్తాను. ఇక్కడ ఆ రోజు సెలవు ఎలాగూ ఉండదు, కనీసం ఇదైనా గుర్తుంటుంది.

8. సరిచూసుకోవడం

మీది మీరు చూసుకోవడానికి ఏబెమ్ అకౌంట్‌లోకి వెళ్లండి. సర్టిఫికెట్ ఎప్పటిదాకా ఉంది, ఏ మాడ్యూల్ పూర్తయినట్టు నమోదైంది, ప్రాజెక్టు స్వీకరించారా, లైసెన్సు వివరాలు సరిగ్గా ఉన్నాయా చూడండి. రాష్ట్రం మారితే కొత్త లైసెన్సు అక్కడ చేర్చడం మరిచిపోతారు. మెయిల్ ఐడీ కూడా. రెసిడెన్సీ ఆసుపత్రి ఇచ్చిన మెయిల్‌తో రిజిస్టర్ అయ్యి, ట్రైనింగ్ అయ్యాక అది మూతబడి, గుర్తుచేసే ఉత్తరాలన్నీ ఎక్కడికో పోయినవాళ్లు నాకు తెలుసు. సొంత మెయిల్ పెట్టండి.

వేరే డాక్టరును చూడాలంటే సర్టిఫికేషన్ మ్యాటర్స్ అనే వెబ్‌సైట్‌లో పేరు కొట్టండి, ఉచితం. ఏ స్పెషాలిటీలో సర్టిఫైడో అక్కడ కనిపిస్తుంది. హైదరాబాద్‌లో, విజయవాడలో ఆసుపత్రి నేమ్‌బోర్డుల మీద “అమెరికన్ బోర్డ్ సర్టిఫైడ్” అని రాసుకున్నవాళ్లను కూడా ఇలాగే చూడొచ్చు. పేరు దొరక్కపోతే వెంటనే మోసమనుకోకండి, ఇంటిపేరు ముందు వెనక మార్చి మళ్లీ వెతకండి. పైన చెప్పిన ఎఫ్‌ఎన్‌యూ గొడవ వాళ్లకూ ఉండొచ్చు.